యూరప్ అధ్యయన కేంద్రం ఇచ్చే పరిశోధన గ్రాంటుకి దరఖాస్తు ఎలా రాయాలి?

మీరు అడిగింది ఇదీ: డిగ్రీ చివరి ఏడాదిలోకి వెళ్తున్నారు. "యూరప్‌లో వలసలు, గుర్తింపు" అన్న అంశం మీద థీసిస్ రాయాలనుకుంటున్నారు. మీ విశ్వవిద్యాలయంలోని యూరోపియన్ స్టడీస్ సెంటర్, వేసవిలో యూరప్ వెళ్లి పరిశోధన చేసుకోవడానికి విద్యార్థులకి గ్రాంటు ఇస్తుంది. దరఖాస్తులో ఏం రాయాలి, జర్మన్ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకి, అందులోనూ యూరప్‌తో ఏ చుట్టరికమూ లేనివాళ్లకి ఇస్తారా అన్నది మీ సందేహం. ఇలాంటి గ్రాంట్ల ఎంపిక కమిటీల్లో చాలాకాలం పనిచేశాను, నా దగ్గర థీసిస్ చేసిన పిల్లల చేత దరఖాస్తులు రాయించాను. అందుకే కాస్త పొడుగ్గానే చెప్తాను.

ఇస్తారు. మీ పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగరు. కానీ ఇప్పుడున్న శీర్షికతో వెళ్తే మాత్రం ఇవ్వరు. "యూరప్‌లో వలసలు, గుర్తింపు" అన్నది అంశం, ప్రశ్న కాదు. దరఖాస్తు తెరవగానే కమిటీలో వాళ్లు వెతికేది ఒక్కటే: ఈ విద్యార్థి అక్కడికే ఎందుకు వెళ్లాలి? ఇక్కడ లైబ్రరీలో కూర్చుంటే ఎందుకు కుదరదు? దీనికి మొదటి పేజీలోనే జవాబు దొరికితే మిగతాది శ్రద్ధగా చదువుతారు. దొరక్కపోతే రాత ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు. అక్కడికే ఎందుకు అన్నదానికి మీరు జవాబు ఎలా తయారు చేసుకోవాలో చెప్పడమే ఇక్కడ నా పని.

ముందుగా ఆ సెంటర్‌కి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోండి. విద్యార్థులు దీన్ని పట్టించుకోరు గానీ దీనివల్ల చాలా తేడా వస్తుంది. ఈ కేంద్రాలు చాలావరకు ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో పుట్టినవి. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. మరుసటి ఏడాదే అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చింది. ఆ చట్టంలోని ఆరో అధ్యాయం కిందే విదేశీ భాషలకీ, ప్రాంతీయ అధ్యయనాలకీ ప్రభుత్వ సొమ్ము రావడం మొదలైంది. హార్వర్డ్‌లో యూరప్ అధ్యయన కేంద్రం 1969లో, ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ ఆంటొనీస్ కాలేజీలో 1976లో మొదలయ్యాయి. 1989లో యూరోపియన్ కమిషన్ (ఇప్పటి యూరోపియన్ యూనియన్ పాలనా విభాగం), యూరప్ దేశాల్ని కలపడానికి బాటలు వేసినవాళ్లలో ఒకరైన ఝాన్ మొనే పేరుతో ఒక కార్యక్రమం ప్రారంభించి, యూరోపియన్ యూనియన్ గురించి బోధించే, పరిశోధించే విశ్వవిద్యాలయాలకి ప్రపంచమంతటా డబ్బు ఇస్తోంది. దాని కింద "సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్" హోదా వస్తే మూడేళ్ల కాలానికి గరిష్ఠంగా 1,00,000 యూరోలు అందుతాయి. ఇంకొన్ని సెంటర్లు దాతలు ఇచ్చిన మూలనిధి మీద వచ్చే రాబడితో నడుస్తాయి.

ఇదంతా మీకెందుకంటే, ఏ డబ్బు ఏ షరతుతో వచ్చిందో దాన్నిబట్టే మీకు ఏది ఇవ్వగలరో తేలుతుంది. ఝాన్ మొనే సొమ్ము యూరోపియన్ ఏకీకరణతో, అంటే ఆ దేశాలు ఒక యూనియన్‌గా కలవడంతో, ముడిపడిన పనుల కోసం. మధ్యయుగాల చర్చి చిత్రకళ మీద పరిశోధనకి అందులోంచి ఇవ్వడం వాళ్ల చేతిలో ఉండదు. దాతల నిధి ఫలానా దేశం మీద పనికే అని రాసుకుని ఉండొచ్చు. అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో నడిచిన ఫ్లాస్ అనే భాషా ఫెలోషిప్‌ని ఆ దేశ పౌరులకీ శాశ్వత నివాసులకీ మాత్రమే ఇస్తూ వచ్చారు. అదే భవనంలోని సెంటర్ తన సొంత నిధిలోంచి ఇచ్చే వేసవి గ్రాంటుకి పౌరసత్వంతో పని లేకపోవచ్చు. కాబట్టి ప్రకటనలో అర్హతల పేరా రెండుసార్లు చదవండి. సందేహం ఉంటే సెంటర్ ఆఫీసులో అడగండి. విద్యార్థుల కార్యక్రమాలు చూసే సిబ్బంది ఒకరు తప్పకుండా ఉంటారు. ఏ నిధి దేనికి పనికొస్తుందో ప్రొఫెసర్ల కంటే వాళ్లకే బాగా తెలుసు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో పశ్చిమ యూరప్‌ని ఒక సెంటర్‌కీ, తూర్పు యూరప్‌నీ రష్యానీ కలిపి ఇంకో సెంటర్‌కీ పంచేశారు. బెర్లిన్ గోడ 1989లో కూలినా, విశ్వవిద్యాలయాల్లో ఆ గోడ చాలాచోట్ల అలాగే ఉంది. మీ అంశం పోలండ్‌కో, రొమేనియాకో, తూర్పు జర్మనీకో సంబంధించిందైతే రెండు సెంటర్ల తలుపూ తట్టొచ్చు. రెండుచోట్లా అడుగుతున్నామని దరఖాస్తులో రాస్తే ఎవరూ తప్పుపట్టరు. రాయకుండా తర్వాత తెలిస్తేనే ఇబ్బంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సెంటర్ అంటే గ్రాంటు ఇచ్చే ఆఫీసు అనుకుని, గడువుకి వారం ముందు తలుపు తట్టేవాళ్లే ఎక్కువ. అక్కడ దొరికేవాటిలో డబ్బు చిన్నది. పెద్దది మనుషులు. ఏటా వేరే దేశాల నుంచి విజిటింగ్ స్కాలర్లు వచ్చి ఒక సెమిస్టరో, ఏడాదో ఉంటారు. వాళ్లలో ఒకరు మీరు వెళ్లాలనుకుంటున్న ఆర్కైవ్‌లోనే, అంటే పాత కాగితాలు భద్రపరిచే చోటే, ఏళ్ల తరబడి కూర్చుని ఉండొచ్చు. కొత్త ఊళ్లో వాళ్లకీ మాట్లాడే మనిషి కావాలి. మధ్యాహ్నం సెమినార్ అయ్యాక దగ్గరికి వెళ్లి, "మీ పని ఫలానా దాని మీద అని విన్నాను, నాకు ఈ ఫైళ్లు కావాలి, ఎక్కడుంటాయి" అని అడిగితే కాదనరు. రెండో మనిషి, యూరప్ పుస్తకాలూ పత్రికలూ చూసుకునే సబ్జెక్ట్ లైబ్రేరియన్. విద్యార్థులు వీళ్లని ఎందుకు మర్చిపోతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీరు వారం రోజులు వెతికేది వాళ్లు అరగంటలో చూపిస్తారు. మూడోవాళ్లు, పోయిన ఏడాది ఇదే గ్రాంటు తీసుకుని వెళ్లొచ్చిన విద్యార్థులు. సెంటర్ వాళ్లు అడిగితే పేర్లు ఇస్తారు. చాలామంది తమ ప్రపోజల్ కూడా చూపిస్తారు. దాన్ని నమూనాగా పెట్టుకుని అక్షరం అక్షరం అనుకరించకండి. ఎంత వివరంగా రాశారన్నది మాత్రం గమనించండి.

ఇక మీ అంశాన్ని ప్రశ్నగా ఎలా మార్చాలో ఒక ఉదాహరణతో చూద్దాం. మీకు జర్మన్ కొద్దిగా వచ్చన్నారు కాబట్టి పశ్చిమ జర్మనీనే తీసుకుంటాను.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ పరిశ్రమలకి మనుషులు చాల్లేదు. 1955లో ఇటలీతో, 1960లో స్పెయిన్, గ్రీస్‌లతో, 1961 అక్టోబర్ 30న టర్కీతో, ఆ తర్వాత మొరాకో, పోర్చుగల్, ట్యునీషియా, యుగోస్లావియాలతో ఒప్పందాలు చేసుకుని కార్మికుల్ని రప్పించుకుంది. 1973 నవంబర్ 23న ఆ నియామకాలు ఒక్కసారిగా ఆపేసింది. అప్పుడే వచ్చిన చమురు సంక్షోభాన్ని కారణంగా చూపారు. దీని మీద పుస్తకాలకి కొదవ లేదు. "జర్మనీలో టర్కిష్ వలస కార్మికుల గుర్తింపు" అని రాస్తే ఆ పుస్తకాలే మళ్లీ చదివి రాయాల్సి వస్తుంది. దానికి విమానం టికెట్ అక్కర్లేదు.

అందులోంచి ఒక ఘటనకి దిగుదాం. నియామకాలు ఆపడానికి మూడు నెలల ముందు, 1973 ఆగస్టు చివర్లో, కొలోన్‌లోని ఫోర్డ్ కార్ల కర్మాగారంలో టర్కీ కార్మికులు సమ్మెకి దిగారు. వేసవి సెలవులకి ఇంటికెళ్లి ఆలస్యంగా తిరిగొచ్చారని దాదాపు 300 మందిని తొలగించడంతో అది రాజుకుంది. కార్మిక సంఘం మద్దతు ఇవ్వలేదు. జర్మన్ కార్మికులు చాలావరకు దూరంగానే ఉండిపోయారు. వారంలోపే సమ్మెని అణిచేశారు. ఇప్పుడు ప్రశ్న ఇలా అడగొచ్చు: సమ్మె జరుగుతున్నప్పుడు కార్మిక సంఘం లోపల ఏం చర్చ జరిగింది? నవంబర్‌లో నియామకాలు ఆపేముందు కార్మిక మంత్రిత్వ శాఖ కాగితాల్లో ఈ సమ్మె ప్రస్తావన ఎక్కడైనా ఉందా? సమ్మెలో ఉన్నవాళ్లు తర్వాత దాన్ని ఎలా చెప్పుకున్నారు?

ప్రశ్న ఇంత సన్నబడగానే కాగితాలు ఎక్కడున్నాయో కూడా తేలిపోతుంది. లోహ పరిశ్రమ కార్మికుల సంఘం ఐజీ మెటాల్ పాత కాగితాలు బాన్‌లోని ఫ్రీడ్రిష్ ఎబర్ట్ ఫౌండేషన్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. పశ్చిమ జర్మనీ కార్మిక మంత్రిత్వ శాఖ ఫైళ్లు కోబ్లెంజ్‌లోని ఫెడరల్ ఆర్కైవ్‌లో "బి 149" అన్న శ్రేణి కింద ఉంటాయి. వలస వచ్చినవాళ్ల వైపు నుంచి సేకరించిన ఉత్తరాలు, ఫొటోలు, కరపత్రాలు, ఇంటర్వ్యూలు కొలోన్‌లోని డోమిడ్ సంస్థలో ఉన్నాయి. టర్కీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే 1990లో మొదలుపెట్టిన సంస్థ అది. మూడు ఊళ్లూ రైన్ నది ఒడ్డునే, ఒకదానికొకటి రైలు ప్రయాణంలో దగ్గర దగ్గరగా ఉన్నాయి. చూడండి, "అక్కడికే ఎందుకు" అన్నదానికి జవాబు దానంతటదే వచ్చేసింది: మూడు పక్షాల కాగితాలు మూడుచోట్ల ఉన్నాయి, వాటిని పక్కపక్కన పెట్టి చదవాలి, అందుకు ఫలానా ఊళ్లో ఇన్ని రోజులు, ఫలానా ఊళ్లో ఇన్ని రోజులు ఉండాలి. కమిటీ ముందు ఇలాంటి పేరా ఒక్కటి ఉంటే చాలు.

ఇందులో ఒక జాగ్రత్త. కంపెనీ సొంత ఆర్కైవ్ ప్రైవేటు ఆస్తి. ప్రభుత్వ ఆర్కైవ్‌ల చట్టాలు దానికి వర్తించవు. చూపించాలో లేదో వాళ్ల ఇష్టం. అలాంటి తలుపు తెరుచుకుంటేనే నిలబడే ప్రపోజల్ రాయకండి. తెరుచుకుంటే అదనపు లాభం, తెరుచుకోకపోయినా థీసిస్ ఆగదు అనేలా ఉండాలి.

కొలోన్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2009 మార్చి 3న ఆ నగర చారిత్రక ఆర్కైవ్ భవనం కుప్పకూలింది. పక్కనే భూగర్భ రైలు మార్గం పనులు జరుగుతున్నాయి. ఇద్దరు చనిపోయారు. వెయ్యేళ్ల నాటి కాగితాలు మట్టిలో, నీళ్లలో కలిశాయి. చాలావరకు తవ్వి తీశారు, 2021లో కొత్త భవనం కూడా తెరిచారు. కానీ చిరిగి చెల్లాచెదురైనవాటిని సరిచేసి ఒక్కచోట చేర్చే పని ఇంకా దశాబ్దాల పాటు సాగేదే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కేటలాగ్‌లో ఫైల్ పేరు కనిపించినంత మాత్రాన అది మీ చేతికి వస్తుందని అనుకోకూడదు. మరమ్మతుల్లో ఉందా, స్కానింగ్‌కి వెళ్లిందా, వేరే గోదాములో ఉందా అని ముందే రాసి అడగాలి. కొలోన్‌కే కాదు, ఏ ఊరికైనా ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు ఎదుటి వైపు నుంచి చూద్దాం: ఇంటి దగ్గర కూర్చునే దొరికే వాటి కోసం ప్రయాణ ఖర్చు అడిగితే కమిటీకి వెంటనే తెలిసిపోతుంది. యూరోపియన్ యూనియన్ చట్టాలు, ఒప్పందాలు, కోర్టు తీర్పులన్నీ యూర్‌లెక్స్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, చాలావరకు 24 అధికార భాషల్లోనూ దొరుకుతాయి. అక్కడ ప్రతి పత్రానికీ సెలెక్స్ నంబరు అని ఒకటుంటుంది. దాన్ని చదవడం నేర్చుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది. ఉదాహరణకి 32016ఆర్0679 తీసుకోండి. మొదటి 3 అంటే చట్టాల విభాగం, 2016 సంవత్సరం, ఆర్ అంటే రెగ్యులేషన్ (యూనియన్ దేశాలన్నిటికీ నేరుగా వర్తించే చట్టం), 0679 దాని వరుస సంఖ్య. వ్యక్తిగత సమాచార రక్షణ కోసం తెచ్చిన జీడీపీఆర్ అదే. అంకె 6తో మొదలైతే కోర్టు తీర్పు. 61962సీజే0026 అంటే 1962లో నమోదైన 26వ కేసు. యూరోపియన్ చట్టం పౌరులకి నేరుగా హక్కులిస్తుందని 1963 ఫిబ్రవరి 5న తేల్చిన వాన్ గెండ్ ఎన్ లూస్ తీర్పు అది. నంబరు రాసేటప్పుడు మాత్రం అక్షరాలు లాటిన్ లిపిలోనే కొట్టాలి.

సర్వేలూ అంతే. యూరోబారోమీటర్ 1974 నుంచి క్రమం తప్పకుండా ప్రజాభిప్రాయం సేకరిస్తోంది. దాని మూల డేటా గెసిస్ అనే జర్మన్ సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకుంటే దొరుకుతుంది. యూరోపియన్ సోషల్ సర్వే 2002లో మొదలైంది, సాధారణంగా రెండేళ్లకోసారి చేస్తారు, అదీ ఉచితమే. వలసల గురించి ప్రజలు ఏమనుకుంటున్నారన్నది మీ ప్రశ్నయితే ఇవి చాలు. అప్పుడు సెంటర్‌ని ప్రయాణ ఖర్చు కాకుండా డేటా విశ్లేషణ శిక్షణకో, వేసవి భాషా కోర్సుకో సాయం అడగండి. చాలా సెంటర్లు అలాంటివాటికి కూడా ఇస్తాయి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం నడిపే ఆర్కైవ్ ఆఫ్ యూరోపియన్ ఇంటిగ్రేషన్‌లో యూనియన్‌కి ముందున్న యూరోపియన్ కమ్యూనిటీ పాత నివేదికలు, పరిశోధనా పత్రాలు స్కాన్ చేసి పెట్టారు. బయల్దేరే ముందు అక్కడ ఒకసారి గాలించండి. వెళ్లి చూడాల్సినవి అనుకున్న కొన్ని అక్కడే కనిపించొచ్చు.

ఆన్‌లైన్లో లేనివాటికి కాలపరిమితి అడ్డొస్తుంది. యూరోపియన్ యూనియన్ సంస్థల పాత కాగితాలు ఫ్లోరెన్స్‌లో, విల్లా సాల్వియాతిలో ఉన్న చారిత్రక ఆర్కైవ్‌కి చేరతాయి. అక్కడ సాధారణ నియమం 30 ఏళ్లు. 2000 నాటి ఫైలు 2030 దాటితే గానీ తెరుచుకోదు. బ్రిటన్‌లోనూ ఇదివరకు 30 ఏళ్లే ఉండేది, 2013 నుంచి క్రమంగా 20కి తగ్గించుకుంటూ వచ్చారు. అందుకే 2015 శరణార్థుల సంక్షోభంలో ప్రభుత్వాల అంతర్గత చర్చలు ఆర్కైవ్‌లో చూస్తానని ఎవరైనా రాస్తే, ఆ విద్యార్థి నియమాలు చూసుకోలేదని అర్థమైపోతుంది. అదే 1965–66లో ఫ్రాన్స్ తన ప్రతినిధుల్ని యూరోపియన్ కమ్యూనిటీ మంత్రుల మండలి సమావేశాలకి పంపడం మానేసిన "ఖాళీ కుర్చీ" సంక్షోభం గురించైతే ఫ్లోరెన్స్‌లో, పారిస్ శివార్లలోని లా కూర్న్యూవ్‌లో ఉన్న ఫ్రెంచ్ విదేశాంగ శాఖ ఆర్కైవ్‌లో, జర్మన్ ఆర్కైవ్‌లలో బోలెడంత ఉంది. ఝాన్ మొనే సొంత కాగితాలు మాత్రం స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉన్నాయి. యూనియన్‌లో చేరని దేశంలో అవి ఉండటం చాలామందికి తట్టదు.

ఈమధ్య కాలపు పత్రాలు కావాలంటే ఇంకో దారి ఉంది. 2001లో వచ్చిన 1049 నంబరు రెగ్యులేషన్ కింద యూరోపియన్ పార్లమెంట్, కౌన్సిల్, కమిషన్‌లని పత్రాలు అడగొచ్చు. 15 పనిదినాల్లో జవాబు ఇవ్వాలి, అవసరమైతే ఇంకో 15 పనిదినాలు పొడిగించుకోవచ్చు. కాదంటే మళ్లీ 15 పనిదినాల్లోపు పునఃపరిశీలన కోరొచ్చు. ఇది హక్కుగా ఉన్నది యూనియన్ పౌరులకీ, అక్కడ నివసించేవాళ్లకీ. బయటివాళ్లకి ఇవ్వొచ్చు అని మాత్రమే నియమం చెప్తుంది. గ్రాంటు చేతికొచ్చాక అడగడం మొదలుపెడితే వేసవి అయిపోతుంది. చలికాలంలోనే అడిగేయండి.

ప్రపోజల్ రాయకముందే ఆర్కైవ్‌కి ఉత్తరం రాయడం నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. మీరెవరు, ప్రశ్న ఏమిటి, కేటలాగ్‌లో మీరు చూసిపెట్టుకున్న ఫైళ్ల నంబర్లు, వెళ్లాలనుకుంటున్న వారాలు, ఇవి నాలుగు ముక్కలు. జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్‌కి ఇన్వెనియో అనే అన్వేషణ వ్యవస్థ ఉంది, నంబర్లు అందులోనే పట్టుకోవచ్చు. వాళ్లు ఇచ్చే జవాబులో ఒక వాక్యం, "ఈ ఫైళ్లు చూడటానికి అందుబాటులో ఉన్నాయి" అన్నది, మీ దరఖాస్తుకి ఏ సిఫారసు లేఖ కంటే ఎక్కువ బలం. వ్యక్తుల పేరు మీద ఉన్న ఫైళ్లయితే ఇంకో మెలిక ఉంటుంది. జర్మన్ ఫెడరల్ చట్టం ప్రకారం ఆ మనిషి చనిపోయి 10 ఏళ్లు గడవాలి. చనిపోయిన తేదీ తెలియకపోతే పుట్టి 100 ఏళ్లు గడవాలి. కార్మికుల వ్యక్తిగత ఫైళ్ల మీద ఆధారపడే ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోండి.

మనుషుల్ని కలిసి ఇంటర్వ్యూ చేయాలనుకుంటే మీ విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు కావాలి. అది రావడానికి వారాలు పడుతుంది, వేసవి దగ్గరపడితే ఇంకా ఆలస్యం అవుతుంది. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ కారణంగా, మాట్లాడినవాళ్ల అంగీకారం ఎలా తీసుకుంటారు, రికార్డింగ్ ఎక్కడ దాస్తారు, పేర్లు ఎలా మారుస్తారు అన్నవి రాసి ఉండాలి. 1973లో 25 ఏళ్లున్న కార్మికుడికి ఇప్పుడు 75 దాటాయి. ఆ వయసు మనిషి తన జీవితంలో అవమానం పడిన రోజుల గురించి చెప్తుంటే వినడానికి ఓర్పు, మర్యాద రెండూ కావాలి. మొదటిసారి చేసేవాళ్లకి నేనిచ్చే సలహా: ఇదివరకే రికార్డు చేసి ఆర్కైవ్‌లో పెట్టిన ఇంటర్వ్యూలు ముందు వినండి. వాటిలో మీ ప్రశ్నకి జవాబు లేదని తేలాకే కొత్తగా మనుషుల్ని వెతకండి.

భాష గురించి మీరు భయపడుతున్నంత అక్కర్లేదు, కానీ ఉన్నదున్నట్టు రాయాలి. యూరప్‌లో భాషా స్థాయిల్ని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా చెప్తారు. బీ1లో ఉన్నవాళ్లు నిఘంటువు పక్కన పెట్టుకుని 1970ల నాటి టైపు చేసిన ఆఫీసు కాగితాలు నెమ్మదిగా చదవగలరు. ఆఫీసు భాషలో అవే మాటలు తిరిగి తిరిగి వస్తుంటాయి, వారం గడిచేసరికి వేగం పెరుగుతుంది. కాబట్టి "జర్మన్ బీ1, వసంతంలో ఫలానా కోర్సు పూర్తిచేస్తాను, కార్మిక సంఘం పత్రిక సంచికలు కొన్ని చదివి చూశాను, అర్థమయ్యాయి" అని రాస్తే నమ్ముతారు. "ధారాళంగా వచ్చు" అని రాసి, ఇంటర్వ్యూలో ఒక ప్రొఫెసర్ జర్మన్‌లో పలకరించేసరికి తడబడితే మిగతా దరఖాస్తు మీద కూడా అనుమానం వస్తుంది. సమ్మె అంశానికి టర్కిష్ లేకపోవడం ఒక లోటే. దాన్ని దాచకండి. ఏ మూలాలు అందువల్ల వదిలేస్తున్నారో చెప్పి, జర్మన్‌లో దొరికేవాటితో ఎంతవరకు చెప్పగలరో రాయండి.

అయితే ఇంకా పాత కాలానికి వెళ్లేవాళ్లకి వేరే కష్టం ఉంది. జర్మన్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం దాకా చేతిరాత వేరుగా ఉండేది. బడుల్లో ఆ రాత నేర్పడం 1941లో ఆపేశారు. ఈనాటి జర్మన్ బాగా వచ్చినవాళ్లు కూడా ఆ ఉత్తరాల్లో ఒక్క పంక్తి చదవలేరు. పందొమ్మిదో శతాబ్దం మీద పని అనుకుంటే ఆ లిపి చదవడం ముందే నేర్చుకోవాలి. చేతిరాతని యంత్రం చేత చదివించే ట్రాన్స్‌క్రిబస్ లాంటి సాధనాలు సాయం చేస్తాయి గానీ, అవి ఇచ్చింది తప్పో ఒప్పో చూసుకోవడానికి కూడా మీకు లిపి రావాలి.

బడ్జెట్ విషయం తొందరగా చెప్పేస్తాను. విమానం, రైలు, బస, భోజనం, ఫొటోకాపీలు, వీసా రుసుము, బీమా విడివిడిగా రాయండి, ధరలు ఎక్కడ చూశారో చెప్పండి. తక్కువ రాస్తే ఇస్తారన్నది అపోహ. అక్కడికెళ్లాక సరిపోదని కమిటీకి తెలుసు. యూరప్‌లో చాలా దేశాలకి ఒకే వీసా చెల్లే షెంగెన్ ప్రాంతంలో స్వల్పకాలిక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండకూడదు. బ్రిటన్, ఐర్లండ్ షెంగెన్‌లో లేవు, లండన్ కూడా వెళ్లాలంటే దానికి వేరే వీసా చూసుకోవాలి. ఆగస్టు నెలని మాత్రం నమ్ముకోకండి. ఇటలీ, ఫ్రాన్స్‌లలో చాలా సంస్థలు ఆ నెలలో కొన్నాళ్లు మూసేస్తాయి, లేదా వేళలు తగ్గిస్తాయి. ఆర్కైవ్ పని జూన్, జూలైల్లో పెట్టుకోండి. ఆర్కైవ్‌లు చాలావరకు శని, ఆదివారాలు తెరవరు కాబట్టి మూడు వారాలంటే లెక్కకి పదిహేను పనిదినాలే. అందులో మొదటి రోజు రీడర్ కార్డుకీ, ఫైళ్లు తెప్పించుకోవడానికీ పోతుంది.

సిఫారసు లేఖ ఇచ్చే ప్రొఫెసర్‌కి కనీసం నెల ముందు ప్రపోజల్ డ్రాఫ్ట్, ఆర్కైవ్ నుంచి వచ్చిన జవాబు పంపండి. పేరున్న ప్రొఫెసర్ రాసిన నాలుగు పొడి వాక్యాల కంటే, మీకు క్లాసులో పాఠం చెప్పి, మీ వ్యాసం దిద్దిన యువ అధ్యాపకురాలు రాసిన పేజీకే కమిటీలో విలువ. మీ పని పద్ధతి ఎవరికి తెలుసో వాళ్లనే అడగండి.

గ్రాంటు రాకపోతే, ఎందుకు రాలేదో సెంటర్‌ని మర్యాదగా అడగండి. చాలామంది చెప్తారు. కొన్ని ఆర్కైవ్‌లు కూడా పరిశోధకులకి సొంతంగా చిన్న గ్రాంట్లు ఇస్తాయి, ఫ్లోరెన్స్ ఆర్కైవ్‌కి అలాంటివి ఉన్నాయి. వస్తే, అక్కడ మొదటి రోజు నుంచే ప్రతి ఫొటోకీ ఆర్కైవ్ పేరు, శ్రేణి, ఫైలు నంబరు, పేజీ రాసుకోండి. ఫోన్‌లో వేల ఫొటోలతో తిరిగొచ్చి, ఏది ఏ ఫైల్లోదో తెలియక థీసిస్‌లో వాడుకోలేకపోయిన పిల్లల్ని చూశాను. తిరిగొచ్చాక సెంటర్‌కి ఇచ్చే నివేదికలో దొరికినవాటితో పాటు దొరకనివీ రాయండి. ఏ ఫైలు మూసి ఉంది, ఏ గదిలో ఫొటోలు తియ్యనివ్వరు, ఎవరు సాయం చేశారు అన్నది వచ్చే ఏడాది వెళ్లే విద్యార్థికి మీ తీర్మానాల కంటే ఎక్కువ ఉపయోగం.

ఇప్పటికి మీరు చేయాల్సింది మూడు పనులు: సబ్జెక్ట్ లైబ్రేరియన్‌తో అపాయింట్‌మెంట్ తీసుకోండి, మీ అంశంలోంచి ఒక ఊరు, ఒక ఏడాది, ఒక ఘటన ఎంచుకోండి, దానికి సంబంధించిన ఫైళ్ల నంబర్లు కొన్నయినా కేటలాగ్‌లో పట్టుకోండి. అవి దొరికాక ప్రశ్న రాసి పంపితే, దాన్ని ఇంకా ఎక్కడ బిగించొచ్చో చూసి చెప్తాను.